తెల్ల జెండా మళ్ళు

పొద్దున్నే రిపోర్టు ఫోనుకు వచ్చింది. తార్నాక మెట్రో మెట్ల పక్కన చాయ్ బండి దగ్గర నిలబడి, ఒక చేతిలో గ్లాసు, మరో చేతిలో ఫోను పట్టుకుని అమల దాన్ని తెరిచింది. మొదటి పేజీ చూసి నవ్వుకుంది. రెండో పేజీకి వచ్చేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. గ్లాసులో చాయ్ చల్లారి మీగడ కట్టింది. బండివాడు "మేడం, ఇంకోటి పొయ్యాల్నా?" అని రెండుసార్లు అడిగినా ఆమెకు వినిపించలేదు.

ఆ రిపోర్టు మట్టిది. మూడేళ్ళుగా అమల చేస్తున్న పనంతా ఆ మట్టిలోనే ఉంది. హాస్టల్ మెస్సుల్లో మిగిలిన అన్నం, కూర, కూరగాయల తొక్కలు, యూనివర్సిటీ చెట్ల కింద రాలిన ఆకులు, అన్నీ గుంతలో వేసి మాగబెట్టి, ఆ కంపోస్టును డిపార్ట్‌మెంటు వెనకున్న వరి మళ్ళలో కలిపేది. పంట కోసిన ప్రతిసారీ మట్టి తీసి సంచుల్లో దాచి, అందులో సేంద్రియ కర్బనం ఎంత పెరిగిందో చూడమని మూడేళ్ళవీ కలిపి ఇప్పుడే పరీక్షకు పంపింది. కర్బనం అంటే భయపడనక్కర్లేదు. మట్టి ఒంట్లో ఉండే సత్తువ అది. ఏళ్ళ తరబడి యూరియా చల్లించుకుని మన పొలాలు పోగొట్టుకున్నది దాన్నే. ఊరు పారేసే కూడుతో ఆ సత్తువ తిరిగి వస్తుందని చూపించడమే అమల చదువు. ఇంటి దగ్గర ఎవరైనా ఏం చదువుతున్నావంటే "పెంట చదువు" అని నవ్వేది.

మళ్ళు చిన్నవి, ఒక్కోటి మంచమంత. మొత్తం మూడు వరసలు. కంపోస్టు వేసే మళ్ళకు పచ్చ జెండా. ప్రతి వరసలోనూ ఒక మడికి మాత్రం తెల్ల జెండా. నీళ్ళు అన్నిటికీ ఒకటే, విత్తనం ఒకటే, నాటు వేసిన చేతులు కూడా ఒకటే. తెల్ల జెండా మడికి మాత్రం పిడికెడు కంపోస్టు కూడా పడకూడదు. అది ఆకలితో ఉంటేనే పక్క మడి తిన్న తిండి విలువ తెలుస్తుంది. ఆ పోలిక లేకపోతే ఎంత పెరిగితే ఏం, అది దేనివల్ల పెరిగిందో ఎవరు చెప్పాలి?

పచ్చ జెండా మళ్ళలో కర్బనం పెరిగింది. అమల నవ్వింది అందుకే. తెల్ల జెండా మళ్ళలోనూ దాదాపు అంతే పెరిగింది.

ఒక మడిలో పెరిగితే సంచులు తారుమారయ్యాయని సరిపెట్టుకోవచ్చు. మూడు వరసల్లోనూ ఏరి ఏరి తెల్ల జెండా మళ్ళలోనే పెరిగింది. అంటే దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంది. మర్నాడు పొద్దున బయటి నుంచి నిపుణురాలు వైదేహి వస్తుంది. ఆమె ఫలితాలు చూసి సరేనంటే థీసిస్ ఇచ్చేయవచ్చు. కాదంటే మూడేళ్ళు నీళ్ళలో పోసినట్టే.

అమల డిపార్ట్‌మెంటుకు వెళ్ళేసరికి గైడ్ సుందరరావుగారు గదిలోనే ఉన్నారు. ఆయన మంచివాడే కానీ కోపం ముక్కు మీద ఉంటుంది, అది కిందికి దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశారు.

"ఎవరు వేశారమ్మా వీటిలో?"

"తెల్వది సార్."

"తెలియదంటే వైదేహిగారు ఊరుకుంటారా? నువ్వే ఏదో కలిపేశావంటారు. గేటు తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర ఒకటి. రత్నాకర్ అన్న దగ్గర ఒకటి."

అంతటితో ఆగితే బాగుండేది. రత్నాకర్ ఆమె సీనియర్, పక్క మళ్ళలో యూరియా తగ్గించే పద్ధతుల మీద పనిచేస్తున్నాడు. వచ్చే ఏడు ఆ స్థలమంతా ఇద్దరిలో ఒక్కరికే ఇస్తామని డిపార్ట్‌మెంటు ముందే చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకుంటారు కానీ ఆ నవ్వులో తడి ఉండదు. పైగా రేపు వైదేహి వస్తుందన్న భయం. నోరు జారింది.

"నా పని పాడైతే బాగుపడేది ఆయనొక్కడే సార్."

సుందరరావుగారు ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు. "రేపు వైదేహిగారి ముందే తేలుద్దాం. నిజమని తేలితే అతని రిజిస్ట్రేషన్ ఉండదు," అన్నారు.

మాట బయటికి వచ్చాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? గైడ్ వెంటనే అతన్ని నిలదీసినట్టున్నారు, గంట తిరక్కుండానే అమల ఫోను మోగింది. రత్నాకర్.

"నా పేరు చెప్పినవంట?"

అమల ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"అమలా, స్థలం గురించి నీతో కొట్లాడుత, ఎన్నిసార్లైన కొట్లాడుత. గని ఒకరి మడి మీద చెయ్యేస్తనా? మా నాయిన పొలం చేసిండు. పక్కోని ఒడ్డు చెక్కినోన్ని మా ఊళ్ళ ఏమంటరో నీకు ఎర్కనే గద." ఫోను పెట్టేశాడు. తిట్టి ఉంటే ఆమెకు కొంత హాయిగా ఉండేది.

మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళింది, ఆకలై కాదు, కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. వడ్డించే బల్ల వెనక సారలమ్మ నిలబడి ఉంది. ములుగు వైపు నుంచి వచ్చిన మనిషి. లాలాపేటలో ఒక్క గదిలో మొగుడు గట్టయ్యతో ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయి గట్టయ్య వాచ్‌మన్ పని మానేశాక ఇల్లు నడిచేది సారలమ్మ కాంట్రాక్టు నౌకరీ మీదే. అన్నం వండడం, వడ్డించడం, ఆఖరున మిగిలినదంతా బకెట్లలో ఎత్తి అమల కంపోస్టు గుంతకు చేర్చడం ఆమె పని. పొద్దుటి బకెట్లు వేరేవాళ్ళు మోస్తారు, సాయంత్రానివి ఆమె. గుంతకు తప్ప మెస్సు సరుకు మెతుకైనా ఎటూ పోకూడదని కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్ళ రూలు. పోయిన నెలలోనే ఒకామె చున్నీలో చపాతీలు చుట్టుకుందని నిలబెట్టి తీసేశారు.

"మొహం గట్లున్నదేంది బిడ్డా?"

"ఏం లేదు పెద్దమ్మా. ఆకలైతలేదు."

"ఆకలిది ఏమున్నది, ముద్ద నోట్ల వెట్టుకుంటే అదే వస్తది. తిను." గంటెడు అన్నం ఎక్కువే వేసింది.

ఈ మాట అమలకు కొత్త కాదు. యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఆమెకు హాస్టల్ సీటు రాలేదు. స్నేహితురాలి గదిలో మంచం కింద చాప వేసుకుని పడుకునేది. అలాంటివాళ్ళను నాన్‌బోర్డర్లు అంటారు, ప్రతి హాస్టల్లోనూ ఉంటారు, ఏ లెక్కలోనూ ఉండరు. మెస్ కార్డు లేదు కాబట్టి అందరూ తినేదాకా స్తంభం పక్కన నిలబడి, మిగిలితే స్నేహితురాలి పళ్ళెంలో చెయ్యి పెట్టేది. ఒకరోజు సారలమ్మ గంటె పట్టుకుని స్తంభం దగ్గరికే వచ్చింది. "అందరికి పెట్టి నీ ఒక్కదానికి పెట్టకపోతే నాకు ముద్ద దిగుతదా? తిను బిడ్డ," అంది. ఆ ఏడాదంతా అమల బతికింది ఆ గంటె మీదే. ఇప్పుడు అదే స్తంభం పక్కన ఎవరో కొత్త పిల్ల నిలబడి, ఫోను చూస్తున్నట్టు నటిస్తోంది. అమల ఆ పిల్లను చూసీ చూడనట్టు రెండు ముద్దలు తిని లేచింది.

అక్కడి నుంచి నేరుగా మళ్ళకు పోయింది. చెప్పులు గట్టు మీద విడిచి, తెల్ల జెండా మడిలోకి దిగి, మోకాళ్ళ లోతు వరిలో వంగి, నీళ్ళు వచ్చే మూల బురదలో చెయ్యి పెట్టింది. మెత్తటి బురద. వేళ్ళకు ఏదో పీచు తగిలింది. పైకి తీసి నీళ్ళలో కడిగింది. ఉడికిన మునక్కాడ ముక్క. పక్కనే ఉబ్బిపోయిన మెతుకులు, ఇంకా పచ్చిగానే ఉన్న కరివేపాకు.

గుంతలో మాగిన కంపోస్టులో మునక్కాడ పీచు ఇలా పచ్చిగా ఉండదు. నిన్న మెస్సులో మునక్కాడ సాంబారు. అంటే ఇది నిన్నటిది. నిన్న సాయంత్రం ఎవరో ఇక్కడికి వచ్చి వేసి పోయారు. ఇవాళ కూడా రావచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది మూడో తాళం చెవి. మెస్సు వంటింట్లో గోడ మేకుకు వేలాడుతుంటుంది. బకెట్లు తెచ్చేవాళ్ళ కోసం అమలే ఇచ్చింది. గైడ్ అడిగినప్పుడు దాని ఊసే తలకు రాలేదు. రత్నాకర్ మెస్సు వాళ్ళలో ఎవరికో డబ్బులిచ్చి చేయిస్తున్నాడేమో అని అప్పటికీ ఒక పాడు ఆలోచన వచ్చింది. మనసు ఒకసారి ఒకరి మీద పడితే అంత తొందరగా దిగదు.

సాయంత్రం దాకా పంపు గది వెనక కూర్చుంది. పైన మబ్బు పట్టింది. ప్రహరీ అవతల నుంచి తార్నాక రోడ్డు మీద బస్సుల హారన్లు, అంబర్‌పేట అంటూ షేర్ ఆటోవాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి. దోమలు కాళ్ళను పీక్కు తింటున్నాయి. ఎవరు వచ్చినా ఫోనులో వీడియో తీయాలని కెమెరా తెరిచి పెట్టుకుంది. ఎవరిని చూడబోతుందో తెలియదు, చూశాక ఏం చేస్తుందో అసలే తెలియదు.

గేటు చప్పుడైంది. రెండు బకెట్లు మోసుకుంటూ సారలమ్మ వచ్చింది. గుంతలో బకెట్లు బోర్లించింది, ఎప్పటిలాగే పైన ఆకులు కప్పింది. అమల ఊపిరి వదిలింది. సారలమ్మ వెళ్ళిపోతుంది, ఆ తర్వాత దొంగ వస్తాడు అనుకుంది.

సారలమ్మ వెళ్ళలేదు. కొంగు కింద నుంచి ఒక స్టీలు గిన్నె తీసింది. గట్టు మీద మెల్లగా నడిచి తెల్ల జెండా దగ్గర ఆగింది. గిన్నెలోంచి కూర కలిసిన పిడికెడు అన్నం తీసి, చేత్తో పిసికి, వరి మొదళ్ళలో వేసింది. మొక్కల తలల మీద అరచెయ్యి ఆనించింది.

"తిను," అంది. "అందరికి పెట్టి నీ ఒక్కదానికి పెట్టకపోతే నాకు ముద్ద దిగుతదా?"

అమల చేతిలో ఫోను వీడియో తీస్తూనే ఉంది. ఆమె దాన్ని ఆపింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. సారలమ్మ రెండో వరసకు నడిచింది, అక్కడా పిడికెడు. మూడో వరసకు వెళ్ళేసరికి అమల బయటికి వచ్చి నిలబడింది.

సారలమ్మ ఉలిక్కిపడలేదు. మొహం విప్పారింది. "చూసినవా ఎట్ల పచ్చగైందో? మొదట్ల గిది ఎంత బక్కగుండె! నీకు కంపోస్టు సాలుతలేదేమో అనుకున్న. చెప్తే నువ్వు పాపం పరేషాన్ అయితవని చెప్పలె."

"ఎన్నొద్దుల సంది పెద్దమ్మా?"

"మొదటి నాటు సంది. మా అత్త అనేది, పెంట తక్కువుంటే తక్కువేయి, గని ప్రతి మడికి ఒక్క తట్టన్న పడాలె అని. ఒకదాన్ని ఉపాసం ఉంచి పక్కదాని పంట తింటే కడుపుల వడదు."

"నా మూడేండ్లు ఖరాబ్ జేసినవ్!" అమల ఏడుస్తూ అరిచింది. "గవి ఆకలితోనే ఉండాలె పెద్దమ్మా! గందుకే తెల్ల జెండ! వాటికేం వెయ్యొద్దనే పెట్టిన! రేపు పెద్ద మేడం వస్తది. ఏం చూపెట్టాలె నేను? ఏం చూపెట్టాలె?"

సారలమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆకలితో ఉంచడానికే పెంచుతారన్న మాట ఆమెకు ఎంతకీ తలకెక్కలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. కానీ అమల ఏడుస్తోంది, అది అర్థమైంది. గిన్నె గట్టు మీద పెట్టి, బురద చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"నాకు ఎర్క లేదు బిడ్డా. ఎవ్వరు చెప్పలె."

నిజమే, ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళు ఆమె చేత బకెట్లు మోయించుకున్న అమల, పోసే చోటు చూపించింది కానీ, పోయకూడని చోటు ఎందుకుందో ఒక్కనాడూ చెప్పలేదు. బకెట్లు మోసేవాళ్ళకు అదంతా ఎందుకులే అనుకుంది. ఆ సంగతి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

"మరి రేపు ఏమంటరు?" సారలమ్మ అడిగింది.

"ఎవరు వేసిన్రో చెప్పమంటరు. చెప్పకపోతే రత్నాకర్ అన్న మీద వడతది."

"గా పిలగాడా? అయ్యో, ఆయనేం జేసిండు!" సారలమ్మ కాసేపు మూడో జెండా వైపు చూసింది. "నా పేరు చెప్పు బిడ్డ. తీసేస్తె తీసేస్తరు. నీ చదువు ఆగొద్దు. గట్టయ్యకు నేనేదో ఒకటి చెప్పుకుంట."

ఇద్దరూ గేటు దాకా నడిచారు. సారలమ్మ తాళం వేసి, తాళం చెవి అమల చేతిలో పెట్టింది. "గిది ఇంక నాకొద్దు," అంది. లాలాపేట వైపు వెళ్ళే ఆటో ఎక్కి వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి అమలకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? వీడియో ఒకటి ఫోనులో ఉంది. అది చూపిస్తే చాలు. తన తప్పు కాదని తేలిపోతుంది, రత్నాకర్ బయటపడతాడు, ఇంకో ఏడాది గడువు అడిగితే ఇస్తారు కూడా. పోయేది ఒక్క నౌకరీ. అదీ పోగొట్టుకునే మనిషే చెప్పమంది. ఇంతకంటే తేలికైన దారి ఎవరికి దొరుకుతుంది? ఆ తేలికే అమలను కాల్చుకు తింది.

మర్నాడు సుందరరావుగారి గదిలో నలుగురు కూర్చున్నారు. వైదేహి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, తక్కువ మాట్లాడే మనిషి. రిపోర్టు కాగితాలు ముందు పెట్టుకుని పెన్నుతో తెల్ల జెండా అంకెల కింద గీతలు గీసుకుంటూ పోయింది. తలుపు పక్క కుర్చీలో రత్నాకర్, చేతులు కట్టుకుని, గోడను చూస్తున్నాడు.

"సంగతి మీకు చెప్పాను కదండీ," సుందరరావుగారు మొదలుపెట్టారు. "తాళం చెవులు ఇద్దరి దగ్గరే..."

"రత్నాకర్ అన్నకు దీంతో ఏ సంబంధం లేదు మేడం," అమల అడ్డు వచ్చింది. "నిన్న నేను ఆయన గురించి తప్పు మాట్లాడిన. తెల్వక, కోపంల. మూడో తాళం చెవి మెస్సుల ఉన్నది, అది సార్‌కు నేను చెప్పలేదు."

రత్నాకర్ గోడ మీంచి చూపు తిప్పలేదు.

"అయితే ఎవరు వేశారు?" వైదేహి తల ఎత్తకుండా అడిగింది.

"మెస్సుల మిగిలిన అన్నం పడ్డది మేడం. రోజూ పిడికెడు. బకెట్లు తెచ్చే మనిషి వేసింది. పేరు చెప్పను."

"చెప్పవా?" సుందరరావుగారి కోపం ముక్కు మీదికి రానే వచ్చింది. "ఇదేమైనా ఆటనుకున్నావా? సరే, చెప్పకు. బకెట్లు మోసేవాళ్ళందరినీ మార్చేయమని ఏజెన్సీకి ఇప్పుడే ఫోను చేస్తాను." ఫోను చేతిలోకి తీసుకున్నారు కూడా.

అమల లేచి నిలబడింది. తను నిన్నటి నుంచి ఒక్కరి నౌకరీ గురించి కొట్టుకుంటుంటే ఆయన అందరినీ తీసేస్తానంటున్నారు. జేబులో ఫోను బరువుగా తగిలింది. ఒక్క పేరు చెబితే మిగతావాళ్ళు బతుకుతారు.

"సార్, ఫోను చేసే ముందు ఒక్క మాట. ఇయ్యాల వీళ్ళను తీసేసి కొత్తోళ్ళను పెడితే, వాళ్ళు గూడ గదే చేస్తరు. ఊళ్ళ పొలం చేసినోళ్ళు సార్ వాళ్ళంత. పక్కమడికి పెట్టి ఈ మడికి పెట్టకుంట ఉంటరా? తెల్ల జెండ ఎందుకో నేను ఎవ్వరికీ చెప్పలేదు. నా ప్లాను పేపర్ల నేనే రాసుకున్న, చెత్త తెచ్చేవాళ్ళకు అన్నీ వివరించాలె అని. రాసుకున్న గని చెయ్యలే. తప్పు నాది."

"ఇది నువ్వు నోటితో అనడం వేరు," వైదేహి మొదటిసారి తల ఎత్తింది. "పరిశోధకురాలి నిర్లక్ష్యం వల్ల ఫలితాలు చెల్లలేదని రాసి సంతకం పెట్టాలి. అది నీ ఫైలులో ఎప్పటికీ ఉంటుంది. రేపు ఉద్యోగానికి వెళ్ళినా చూస్తారు. ఆ మనిషి పేరు రాస్తే నీ మీద ఇంత పడదు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్న మేడం."

కాగితం వచ్చింది. ఏం రాయాలో వైదేహి చెప్పింది, అమల రాసింది. మూడేళ్ళు ఎండలో వానలో తిరిగింది ఈ రెండు వాక్యాల కోసమా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే సంతకం పెట్టింది.

సుందరరావుగారు ఫోను బల్ల మీద పెట్టేశారు. "స్థలం ఇక రత్నాకర్‌కే," అన్నారు, ఎవరినీ చూడకుండా.

"మళ్ళీ మొదటి నుంచి చేస్తే కనీసం రెండేళ్ళు," వైదేహి అంది. "పచ్చ జెండా మళ్ళలో పనైతే జరిగింది, అది కనిపిస్తూనే ఉంది. పోలిక లేదంతే. ఒక వరసైనా లేకుండా ఈ అమ్మాయి ఎక్కడ చేయాలి?"

రత్నాకర్ గొంతు సవరించుకున్నాడు.

"చివరి వరస నేను వదులుత సార్. అక్కడ ఎవ్వరం ఏం వెయ్యలే."

బయట వరండాలో అమల అతని వెనకే పరిగెత్తింది. "అన్నా..."

"వరస ఇచ్చిన," అన్నాడు రత్నాకర్ ఆగకుండా. "నువ్వన్న మాట మాత్రం ఇంకా మర్చిపోలే. జర టైం పడతది." మెట్లు దిగిపోయాడు. అంతకంటే మంచి మాట ఆ రోజు తనకు రాదని అమలకు తెలుసు.

మెస్సుకు వెళ్ళేసరికి భోజనాల వేళ. వడ్డించే బల్ల పక్కన స్టూలు మీద సారలమ్మ ఏప్రాను మడతపెట్టి ఉంది. దాని మీద ఆమె టిఫిన్ డబ్బా, ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసు. వెళ్ళిపోవడానికి అన్నీ సర్దుకుని, చివరి పూట వడ్డిస్తోంది.

"చెప్పినవా?"

"చెప్పలే పెద్దమ్మా. నిన్ను ఎవ్వరు తియ్యరు."

సారలమ్మ నమ్మలేనట్టు చూసింది. "మరి నీ చదువు?"

"ఇంకో రెండేండ్లు. కొత్త వరసల మళ్ళ నాటుత. తెల్ల జెండాలు మళ్ళ పెడ్త." అమల ఈసారి నిలబడి, నెమ్మదిగా, మూడేళ్ళ కింద చెప్పాల్సినదంతా చెప్పింది. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతేనే పెట్టినదాని గుణం తెలుస్తుందని, అది తెలిస్తేనే రేపు ఊళ్ళలో రైతులు నమ్మి తమ పొలంలో వేస్తారని. సారలమ్మ గంటె ఆడించడం ఆపి విన్నది.

"ఎండిపోవు గద?"

"ఎండిపోవు. బక్కగ ఉంటయి."

"చూసుకుంట ఊకోవాల్నా?"

"అవును పెద్దమ్మా. ఒక్క మెతుకు గూడ వెయ్యొద్దు." అమల జేబులోంచి తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.

సారలమ్మ దాన్ని చాలాసేపు చూసి, కొంగు చివర ముడి వేసుకుంది. "నీ కోసం ఊకుంట," అంది. చెప్పిన మాట ఆమెకు ఎంత కష్టమో గొంతులోనే తెలిసింది.

వరస కదిలింది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి పోతున్నారు. వరస అయిపోయాక, స్తంభం పక్కనున్న కొత్త పిల్ల చూపు ఒకసారి అన్నం గిన్నె మీద పడి, వెంటనే ఫోను మీదికి పోయింది. సారలమ్మ అలవాటుగా గంటె నిండా అన్నం తీసి అటు ఒక అడుగు వేసింది. వేసి ఆగిపోయింది. గంటె గాలిలోనే ఉంది. ఆమె అమల వైపు తిరిగి, ఎవరికీ వినిపించకుండా, నిజంగా తెలియక అడిగింది.

"గీ పిల్లకు పెట్టొచ్చునా బిడ్డా? లేక గీమెను గూడ గట్లనే ఉంచాల్నా?"

అమల బల్ల మీది దొంతరలోంచి ఒక పళ్ళెం తీసి, స్తంభం దాకా నడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"పెట్టు పెద్దమ్మా," అంది. "నిండ పెట్టు."